మొదటి పేజీ అడుగున

గంపెడు కుళ్లిన పసుపు కొమ్ములు తెచ్చి భాగ్యవ్వ తన తోడికోడలు నీలవ్వ గడప ముందు కుమ్మరించింది.

“చూడు నీలా. కండ్లార చూడు. నీ బిడ్డ సదువు గిట్ల పండింది.”

కొమ్ములు నల్లబడి ఉన్నాయి. మొలక కళ్లు లేవాల్సిన చోట వేలు పెడితే లోపలికి దిగేంత మెత్తగా ఉన్నాయి. మందు వాసన, మురుగు వాసన కలిసి వాకిలంతా కమ్మేశాయి. అరుగు మీద గోనెసంచి కుడుతున్న నీలవ్వ భర్త గంగాదాస్ చేతిలో దబ్బనం ఆగింది. తల మాత్రం ఎత్తలేదు.

“పొద్దుగాల్నే ఇదేం పని అక్కా?” నీలవ్వ చీపురు పట్టుకునే బయటికి వచ్చింది. “గడపల శవం దించినట్టు!”

“శవమే. రెండెకరాల ఇత్తనం. మామ చేతి ఇత్తనం. ఇన్నేండ్ల సంది గీ రెండిండ్లల్ల ఒక్క కొమ్ము బయటికెంచి తెచ్చినమా? తెచ్చినమా, చెప్పు?”

తెచ్చింది లేదు. మామగారు పోయేముందు విత్తనం కుప్పను రెండు చేసి, భాగ్యవ్వ భర్త అయిన పెద్ద కొడుకు భీమ్‌రావుకు ఒకటి, చిన్న కొడుకు గంగాదాస్‌కు ఒకటి ఇచ్చాడు. ఏటా తవ్విన పంటలోంచి మంచి కొమ్ములు ఏరి, పసుపాకు కప్పి, పైన మట్టి అలికి విత్తే మృగశిర కార్తె, మిరుగం దాకా దాచడం ఆ ఇళ్ల పద్ధతి. మిరుగం ఇంకా నాలుగు రోజుల్లో ఉంది. ఉమ్మడి వాకిట్లో ఎడమ వైపు గంగాదాస్ కుప్ప అలికిన మట్టితో అలాగే ఉంది. కుడి వైపు భీమ్‌రావు కుప్ప ఉండాల్సిన చోట ఖాళీ నేల, రెండు నీలం డ్రమ్ములు.

నీలవ్వ కూతురు స్వర్ణలత టిఫిన్ సంచి భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చి అక్కడే నిలబడిపోయింది.

“ఆఫీసుకా బిడ్డా? పో. ఇంకో నాలుగు రాయి.” భాగ్యవ్వ నడుములో చెక్కుకున్న ప్లాస్టిక్ కవరు బయటికి తీసింది. లోపల మడతలు పడిన కాగితం. “ఇగో, నీ రాత. మీ పెద్దబాపు దీన్ని దేవుని పటం పక్కకు పెట్టుకున్నడు.”

స్వర్ణలతకు దాన్ని చూడనక్కర్లేదు. పసుపు రైతుల సంఘం వెబ్‌సైటులో తను రాసిన వ్యాసం అది, పసుపు విత్తన శుద్ధి గురించి. ఫోనులో చదవడం కష్టమై భీమ్‌రావు బస్టాండు దగ్గర ప్రింటు తీయించుకున్నాడు. కూలీలను కూర్చోబెట్టి గట్టిగా చదివి వినిపించాడు. డ్రమ్ముకు ఎన్ని నీళ్లు, ఎంత మందు, అన్నీ ఉన్నాయి. చివరి వాక్యం: ‘శుభ్రం చేసిన కొమ్ములను ఈ మందు నీళ్లలో పూర్తిగా మునిగేలా ముంచాలి.’

అంతే. దాని కింద బూడిద రంగులో, చీమ తలకాయంత అక్షరాలతో ‘పేజీలు: 1 2 3 4’ అని ఉంది.

ఎంతసేపు ముంచాలో రెండో పేజీలో ఉంది. భీమ్‌రావు చేతికి రెండో పేజీ రాలేదు. వడ్లు నానబోసే అలవాటు చొప్పున సాయంత్రం ముంచి మర్నాడు పొద్దున తీశాడు. నీళ్లు ఓడ్చి గోనెల్లో కట్టి పెట్టాడు. నాలుగు రోజుల కింద మూతులు విప్పితే ఇదీ వరస.

“కింద ఒకటి, రెండు, మూడు, నాలుగు అని ఉన్నది గదక్కా,” నీలవ్వ గొంతు పెంచింది. “బావ ఏడు దాకా చదువుకున్నోడే గద. ఇంక మూడున్నయని తెల్వదా?”

“ఉన్నయ్. మీ బావ మూడు దినాలు గా అంకెల మీద ఏలు పెట్టి ఒత్తిండనుకో. కాయితం మీద ఒత్తితె పేజీ తిరుగుతదా నీలా?”

పక్కింటి మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఎవరో కిసుక్కున నవ్వి, మళ్లీ మింగేసుకున్నారు.

“పెద్దమ్మా, తప్పు...” స్వర్ణలత ఒక అడుగు ముందుకు వేసింది.

“నువ్వు పో లతా. బస్సు పోతది,” అంది నీలవ్వ.

“పోనియ్యి. పెద్దమ్మ ఏదో అంటున్నది, అననియ్యి,” అంది స్వర్ణలత.

“ఏమంటది? పూరా రాసింది. చదవనోళ్లు చదవలే. గంతే.”

స్వర్ణలత టిఫిన్ సంచి మళ్లీ భుజం మీదికి లాక్కుంది. అనబోయిన మాట నాలుగు రోజులుగా అలాగే ఉండిపోతోంది. నాలుగు రోజులుగా తండ్రి కూడా తనతో మాట్లాడటం లేదు. తిట్టలేదు, అడగలేదు. అన్నం పెడితే తింటున్నాడు, పిలిస్తే లేచిపోతున్నాడు.

భాగ్యవ్వ గంప అక్కడే వదిలేసి తన గుమ్మం వైపు నడిచింది. నడుస్తూనే అంది, “గంప గూడ మీరే ఉంచుకోండ్రి. మాకింక దాంట్ల ఏసుకునేటిది ఏమున్నది.”

అప్పుడు గంగాదాస్ లేచాడు. సంచి పక్కన పెట్టి, కుళ్లిన కొమ్ములను రెండు చేతులతో ఎత్తి గంపలో వేయసాగాడు. నీలవ్వ చీపురు అందించబోతే వద్దన్నట్టు తల ఊపాడు. చేతులతోనే ఎత్తాడు అన్నీ. గంప నెత్తిన పెట్టుకుని పెంటగుంట వైపు వెళ్లేటప్పుడు కూతురి పక్కనుంచే వెళ్లాడు. ఆగలేదు.

మార్కెట్ యార్డు దారిలో రెండు గదులే సంఘం ఆఫీసు, స్వర్ణలత పనిచేసే చోటు. మేనేజర్ భూమేశ్వర్ అప్పటికే వచ్చి కూర్చున్నాడు. ఆయన కళ్లకు కూడా నిద్ర లేదు.

“చాయ్ తాగినవా?” అన్నాడు. జవాబు కోసం చూడకుండా కాగితం ఒకటి ముందుకు తోశాడు. “గిది మొదటి పేజీ మీదనే పెట్టు. ఎర్ర అక్షరాలతోటి.”

స్వర్ణలత చదివింది. ‘వ్యాసములను అన్ని పేజీలూ చదివిన పిదపనే ఆచరించవలెను. సగము చదివి చేసిన వాటికి సంఘము బాధ్యత వహించదు.’

“సార్, మనం ఒక్కటే పేజీగ పెట్టి ఉంటె...”

“ఉంటె, ఉంటె. అయిపోయినదానికి ఉంటె అని ఏం లాభమమ్మా?” ఆయన కోప్పడలేదు. విసుగ్గా కళ్లు నులుముకున్నాడు. “నేను నిన్ను ఏమన్న అన్ననా? పై నుంచి ప్రతి నెలా అడుగుతరు, ఎంతమంది చూస్తున్నరు, ఎందుకు చూస్తలేరు అని. నీకు తెల్సు గద.”

తెలుసు. ఫిబ్రవరిలో ఇదే కుర్చీలో కూర్చుని ఆయన చెప్పాడు. ఒక వ్యాసం ఒక పేజీగా ఉంటే ఒకసారి చూసినట్టే లెక్క, నాలుగు ముక్కలు చేస్తే ఒక్క మనిషే నాలుగుసార్లు చూసినట్టు వస్తుంది. స్వర్ణలత మధ్యాహ్నం కూర్చుని వ్యాసాలన్నీ ముక్కలు చేసింది. పంక్తులు లెక్కపెట్టి, నాలుగు సమాన భాగాలు వచ్చేచోట పేజీ తెంచే గుర్తు పెట్టింది. ఇరవై రెండు వ్యాసాలు. ఏ వాక్యం తర్వాత గుర్తు పడుతోందో చదవలేదు. మార్చి నెలలో చూపుల గ్రాఫు గీత నిలువుగా పైకి లేచింది. కమిటీలో చప్పట్లు కొట్టారు. ఇంటికి వచ్చి బాపుకు చెప్పింది కూడా.

“మీ పెద్దబాపుతోటి ఫోన్ల మాట్లాడిన,” అన్నాడు భూమేశ్వర్. “రేపు పదింటికి కమిటీ ఉన్నది. పేజీలు పూర్తిగ చదవక నేనే పొరపాటు చేసిన అని ఒక్క కాయితం మీద సంతకం పెడ్తె, రెండెకరాల ఇత్తనం సంఘం తరపున ఇప్పిస్త. మిరుగానికి చేతికొస్తది.”

“ఒప్పుకున్నడా?”

“ఒప్పుకోక ఏం చేస్తడు? బీడు పెట్టుకుంటడా?”

“సంతకం పెట్టకుంటే?”

భూమేశ్వర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “పెట్టకుంటె అది సంఘం తప్పయితది. సంఘమంటె ఎవరు? రాసినోళ్లు, కోసినోళ్లు. కోయమన్నోణ్ని నేను, కాదంట లేను. కని ఆడ కోయమన్ననా? ‘ముంచాలి’ కాడ కోయమన్ననా?”

స్వర్ణలత నోటీసు కాగితం చేతిలోకి తీసుకుంది.

“రేపు నువ్వు నోరిప్పకు. ఇత్తనం వస్తది, నీ కొలువుంటది. ఎవలకూ నష్టం లేదు.” చాయ్ గ్లాసు పక్కకు జరిపాడు. “ఆయన ఒక్క మాట పడ్తడు. పెద్దమనిషి. పడ్తడు.”

ఎర్ర అక్షరాల నోటీసు ఆమె టైపు చేసింది. సైటులో పెట్టలేదు. కంప్యూటర్లోనే ఉంచి, తిండి వేళకు బయటపడింది.

స్నేహితురాలు హిబా దుకాణం బస్టాండు ఎదురుగా ఉంటుంది. ఒకే ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు. ఇద్దరూ ఆర్మూర్ డిగ్రీ కాలేజీలో ఒకే బెంచీ. హిబా పింఛను ఫారాలు నింపుతూ తల ఎత్తి చూసి, ముందున్న ముసలాయనతో, “తాతా, జర అటు దిక్కు కూసో, ఐదు నిమిషాలు,” అంది.

చేతిలోని ఫారం పక్కన పెట్టింది. అడగకముందే తనే మొదలుపెట్టింది.

“నేనే తీసిన యార్ గా ప్రింట్. మీ పెద్దబాపు గీడనే నిలబడి, మా బిడ్డ రాసింది, మా తమ్ముని బిడ్డ, అని లైన్ల ఉన్నోళ్లకందరికి చెప్తున్నడు. కింద అంకెలు చూసిన. ఇంకా మూడున్నయ్ అంకుల్ అనేదాన్ని. వెనకాల పదిమంది. ఎవరో చిల్లర అడిగిండ్రు. గంతే, మర్చిపోయిన.”

“నీది కాదు.”

“అందరిది కాదంటె ఎవరిదే మరి?”

స్వర్ణలత కుర్చీ లాక్కుంది. సైటు వెనక భాగం తెరిచింది. పేజీల లింకులు తయారుచేసే చోటు వెతికి పట్టుకుంది. అంకెలు చూపించాలా, మాటలు చూపించాలా అని అక్కడ ఒక ఎంపిక ఉంది. ఎవరూ ఏమీ చెప్పకపోతే అది అంకెలే చూపిస్తుంది. ఇన్నాళ్లూ ఎవరూ ఏమీ చెప్పలేదు. మాటలు ఎంచుకుంది. దాని పక్కన సిద్ధంగా ఉన్న తెలుగు మాట కనిపించింది: ‘తదుపరి పుట’.

హిబా భుజం మీదుగా తొంగిచూసింది. “తదుపరి ఎవరు? మా అబ్బాకు తెల్వదు, మీ బాపుకు తెల్వదు.”

“‘ఇంకా చదవండి’ అని పెడ్తె?”

“చదివినం గద, ఇంకేం చదవాలె అంటరు. పండుకునేటోణ్ని లేపినట్టుంటది.”

“‘తర్వాతి పేజీ’?”

“లతా, బస్సు బోర్డు మీద ఏం రాస్తరు? తర్వాతి ఊరు అని రాస్తరా? భీమ్‌గల్ అని రాస్తరు. పోయేటోడు చూసి ఎక్కుతడు. లోపల ఏమున్నదో గదే రాయి.”

స్వర్ణలత ‘తదుపరి పుట’ తుడిపేసింది. తర్వాత మెల్లగా టైపు చేసింది.

‘ఆగండి, అయిపోలేదు. కొమ్ములు మందులో ఎంతసేపు ఉంచాలి? ఇక్కడ నొక్కండి.’

రెండో పేజీ కింద: ‘తీసిన కొమ్ములు ఎలా ఆరబెట్టాలి? ఇక్కడ నొక్కండి.’ మూడో దాని కింద: ‘ఎలాంటి కొమ్ములు విత్తనానికి పనికిరావు? ఇక్కడ నొక్కండి.’ ఒక్కో పేజీకి ఒక్కో మాట. అన్ని పేజీలకూ ఒకే మాట పెట్టే వీలుంది గానీ, ఇలా వేర్వేరుగా పెట్టాలంటే ప్రతి పేజీ చివరా చేత్తో రాయాలి. రాసింది. ప్రతి పేజీ నెత్తిన ‘ఇది నాలుగు పేజీల్లో ఒకటోది’ అని, ‘రెండోది’ అని పెట్టింది. ప్రింటు నొక్కితే నాలుగూ కలిసి వచ్చేలా ఇంకో లింకు. అప్పుడు అక్షరాలు చిన్నవనిపించాయి. హిబా ఫోనులో తెరిచి బొటనవేలు పెట్టి చూసింది.

“లింకంతా నా ఏలు కిందనే దాగింది. మీ పెద్దబాపు ఏలు నా ఏలుకు రెండింతలు. తెరంత వెడల్పు చెయ్యి. ఒక్క పట్టీ లెక్క.”

చేసింది. ఆకుపచ్చ పట్టీ, ఫోను అంత వెడల్పు. అప్పటికి మూడు దాటింది. పింఛను ముసలాయన కుర్చీలోనే కునుకు తీశాడు. ఒక్క వ్యాసం అయింది. ఇంకా ఇరవై ఒకటి ఉన్నాయి.

“ఒకటి అడుగుత,” అంది హిబా. “ఇంత కష్టమెందుకే? నాలుగు కలిపి ఒక్కటే చేస్తె అయిపోదా?”

స్వర్ణలత చేసినదంతా సేవ్ చేసింది.

“కలిపితె లెక్క పడిపోతది. సార్ చూస్తడు.”

హిబా ఆమె ముఖంలోకి చూసింది. “అచ్ఛా,” అంది. ఫారం కాగితాలు సర్దుకుని ముసలాయనను లేపింది.

ఇంటికి చేరేసరికి ఎండ వాకిలి దాటి గోడ ఎక్కింది. గంగాదాస్ పొద్దుటి సంచి మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాడు. కుట్టడం ఎప్పుడో అయిపోయిందని, కుట్టినదాన్నే మళ్లీ కుడుతున్నాడని దూరం నుంచే తెలుస్తోంది. భీమ్‌రావు కుడివైపు డ్రమ్ములు కడుగుతున్నాడు. నిన్న కూడా అవే కడిగాడు.

“పెద్దబాపూ.”

“వచ్చినవా బిడ్డా. తిన్నవా?”

ఆ మాటకే ఆమెకు కళ్లు మండాయి. ఫోను తెరిచి చేతికిచ్చింది. “జర గిది చదువు. పాతది మర్చిపో. కొత్తగ చదువుతున్నట్టు చదువు.”

భీమ్‌రావు చేతులు పంచెకు తుడుచుకుని డ్రమ్ము మీద కూర్చున్నాడు. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. మొదటి అక్షరం నుంచి గట్టిగా చదివాడు, వేలు కింద పెట్టుకుంటూ. నీళ్లు ఎన్ని, మందు ఎంత. భాగ్యవ్వ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆయన ఒక్క ముక్క వదల్లేదు. ‘పూర్తిగా మునిగేలా ముంచాలి’ దగ్గర గొంతు కాస్త తడబడింది, అయినా ఆగలేదు.

“‘ఆగండి, అయిపోలేదు,’” అని చదివాడు. ఆగాడు. “‘కొమ్ములు మందులో ఎంతసేపు ఉంచాలి? ఇక్కడ నొక్కండి.’”

పసుపు పట్టి పగిలిన బొటనవేలు ఆకుపచ్చ పట్టీ మీద ఆనించాడు. పేజీ మారింది.

“‘అరగంట దాటనీయకూడదు.’” మళ్లీ చదివాడు. “‘అరగంట దాటనీయకూడదు.’”

డ్రమ్ములోంచి నీళ్లు కారుతున్న చప్పుడే వినిపించింది.

“మంచిగున్నది బిడ్డా,” అన్నాడు చివరికి. “గిట్లయితె ఎవలకన్న తెలుస్తది. గీ పట్టీ ముందుగాలే ఉంటె...” అని ఫోను ఒళ్లో పెట్టుకున్నాడు. “ఒక్కటి చెప్పు. నువ్వు రాసినప్పుడు ఒక్కతాననే రాసినవా, నాలుగు తాన్ల రాసినవా?”

“ఒక్కతాననే.”

“మరి ఎందుకు కోసినవ్?”

జవాబు ఆమె దగ్గర సిద్ధంగా ఉంది. దారి పొడవునా బస్సులో కూర్చుని సిద్ధం చేసుకుంది.

“ఫోన్ల జల్ది తెరుసుకోవాలని పెద్దబాపూ. పెద్ద పేజీ అయితె నెట్ సరిగ లేనికాడ...”

అరుగు మీద దబ్బనం చప్పుడు ఆగిపోయింది. తండ్రి తల ఎత్తాడు. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు.

“కాదు,” అంది స్వర్ణలత. “అబద్ధం. ఎక్కువమంది చూసినట్టు కనవడాలని కోసిన. ఒక్కలు చదివితె నాలుగు సార్లు చూసినట్టు లెక్క వస్తది. సార్ కోయమన్నడు. యాడ కోయాల్నో చెప్పలే. నేనే పంక్తులు లెక్కవెట్టి సమానంగ కోసిన. చదువుకుంట కోయలే. చదివి ఉంటె గాడ కోయకపోదును.”

భాగ్యవ్వ అరుస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె అరవలేదు. గుమ్మం పట్టుకుని మెల్లగా కూర్చుంది.

“గట్లనా,” అంది. “లెక్కలకు పోయిందా మా ఇత్తనం.”

భీమ్‌రావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “భూమేశ్వర్ సార్ ఫోన్ జేసిండు. తప్పు నాదని రాసిస్తె ఇత్తనం ఇప్పిస్తనన్నడు. సరే అన్న. నాదే అనుకున్న గద, ఎందుకనకపోదును.”

“సంతకం పెట్టకు పెద్దబాపూ. రేపు కమిటీల నేను చెప్త.”

“చెప్తె నీ కొలువు?”

“పోతది.”

“నా ఇత్తనం?”

సైటు నుంచి తీసి పెట్టగలిగేది కాదు అది.

ధన్ ధన్‌మని చప్పుడు. అందరూ అటు తిరిగారు. గంగాదాస్ ఎప్పుడు లేచాడో లేచాడు. ఎడమ వైపు కుప్ప దగ్గర పార తిప్పి పట్టుకుని, ఎండిన మట్టి అలుకును కొడుతున్నాడు. పెళ్ల ఊడి పడింది. లోపల పసుపాకు కనిపించింది.

“ఏం జేస్తున్నవయ్యా!” నీలవ్వ వంటింట్లోంచి పరుగున వచ్చింది. “ఇంక నాలుగు దినాలున్నది! గాలి తాకితె ఎండుతయ్!”

“సగం అన్నకు,” అన్నాడు గంగాదాస్. నాలుగు రోజులు వాడని గొంతు బొంగురుపోయింది. “సగం మనకు. ఇత్తనం సంగతి నేను చూస్త. మాట సంగతి పిల్ల చూసుకుంటది.”

“సగమేస్తె రెండిండ్లు సగమే తింటయ్!” నీలవ్వ వెళ్లి ఊడిన పెళ్ల మీద, కుప్ప నోటికి అడ్డంగా కూర్చుంది. “నన్ను లేపినంక తియ్యి. సంఘమోళ్లు ఉత్తగనే ఇస్తమంటున్నరు. ఒక్క సంతకం. బావా, నీ కాళ్లు మొక్కుత, ఒక్క సంతకం పెట్టు. పిల్ల కొలువుంటది, నీ చేను ఎండదు.”

“బాపు చేతి ఇత్తనం గాదు గద అది,” అన్నాడు గంగాదాస్.

“మామ వచ్చి తింటడా?”

భాగ్యవ్వ లేచి వచ్చింది. పొద్దున ఇదే వాకిట్లో కుళ్లిన గంప కుమ్మరించిన మనిషి, వచ్చి నీలవ్వ పక్కన కూర్చుంది. కుప్పకు అడ్డంగా, భుజానికి భుజం ఆనించి.

“నీలవ్వ చెప్పేది మంచిగున్నది మర్దీ,” అంది అలసిన గొంతుతో. “ఆయన ఒక్క మాట పడ్తె పడ్తడు. ఇన్నేండ్లు నేను ఎన్నన్న, పడలేదా? పోరి కొలువు చెడగొట్టి మేము ఏం బాగుపడ్తం?”

స్వర్ణలత ఆ ఇద్దరినీ చూస్తూ నిలబడింది. తిట్టి ఉంటే నిలబడటం తేలికయ్యేది.

గంగాదాస్ పార కింద పెట్టలేదు, ఎత్తనూ లేదు. అన్న వంక చూశాడు. అందరూ భీమ్‌రావు వంకే చూశారు.

భీమ్‌రావు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. ఒళ్లో ఉన్న ఫోను వెలుగు ఆరిపోయి ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పి స్వర్ణలతకు చాపాడు.

“తెరువు బిడ్డా.”

“ఎందుకు పెద్దబాపూ?”

“ఇంక రెండు పేజీలున్నయ్ గద. అవి గూడ చదవనియ్యి.” ఆయన డ్రమ్ము మీద సర్దుకుని కూర్చున్నాడు. “రేపు సంతకం పెట్టినా, పెట్టకున్నా, పూర్తిగ చదివినంకనే చేసినోణ్నయిత.”

ఆమె తెరిచి ఇచ్చింది. రెండో పేజీలో మిగిలింది కూడా చదివి, చివర ఆకుపచ్చ పట్టీ మీద బొటనవేలు ఆనించాడు. మూడో పేజీ మొదటి అక్షరం కింద వేలు పెట్టి, గట్టిగా, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ మొదలుపెట్టాడు. కుప్ప నోటి దగ్గర నుంచి ఆడవాళ్లు ఇద్దరూ లేవలేదు. గంగాదాస్ పార మీద ఆనుకుని వింటున్నాడు.